చేతులకు ముందే తెలిసి ఉండాలి



పోయిన నెల ఒక ఆదివారము ఆరాధన ముగిసి అందరూ చెప్పులు వేసుకుంటుండగా మా సంఘపెద్ద ఒకాయన నన్ను ఆపాడు. ఆయన కోడలికి ఎనిమిదో నెల. పరీక్ష చేయించడానికి ఆటోలో పి.హెచ్.సి.కి తీసుకొని వెళ్తే, ఎప్పుడూ ఉండే సిస్టరమ్మ లేదట. శిక్షణకు వెళ్లిందని చెప్పారట.

"అయ్యగారూ, ఆయమ్మ ఇరవై యేండ్లనుంచి కాన్పులు చేస్తా ఉంది. మా పెద్ద మనవడు ఆమె చేతుల్లోనే పుట్టినాడు. అట్లాంటామెను పిలిపిచ్చి రబ్బరు బొమ్మకు కాన్పు చెయ్యమంటే ఏంది అర్థం? పిల్లలాట కాకపోతే!" అన్నాడు.

ఆయన కోపములో న్యాయము లేకపోలేదు. ఇద్దరి కూలి పోయింది, ఆటో ఖర్చయింది, పని కాలేదు. ఒకరిని శిక్షణకు పంపినప్పుడు ఆ రోజుకు ఇంకొకరిని పెట్టవలసిన బాధ్యత పై అధికారులది. అయితే ఆ బొమ్మ మాత్రము ఆయన కోడలి కోసమే. గుమ్మము దగ్గర నిలబడి నాలుగు మాటలే చెప్పగలిగాను. ఇలాంటి ప్రశ్న మన పల్లెల్లో చాలామందికి ఉంటుంది కనుక ఇక్కడ కాస్త విపులముగా వ్రాస్తున్నాను.

ముందు ఒక లెక్క చూద్దాము. నెలకు 10 కాన్పులు జరిగే చిన్న ఆసుపత్రి అనుకోండి. ఏడాదికి 120. బిడ్డ తల బయటికి వచ్చిన తరువాత భుజము తల్లి కటి ఎముకకు చిక్కుకొని ఆగిపోయే ఆపద 1000 కాన్పుల్లో ఆరేడింటికి వస్తుంది. అంటే ఆ ఆసుపత్రిలో ఏడాదికి ఒకటి కూడా నిండదు. ముగ్గురు నర్సులు వంతులవారీగా డ్యూటీ చేస్తే ఒక్కొక్కరికి నాలుగేళ్లకొకసారి ఎదురుకావచ్చు. బొడ్డుతాడు బిడ్డకంటే ముందుగా జారి బయటికి రావడము 1000కి ఒకటి నుంచి ఆరు. కాన్పయ్యాక గర్భసంచి లోపలివైపు బయటికి తిరగబడి రావడము కొన్ని వేలకు ఒకటి. ఉద్యోగము చేసినంత కాలము ఒక్కసారి కూడా చూడకుండా రిటైరయ్యే సిస్టర్లు ఉంటారు.

ఇరవై యేండ్ల అనుభవము అంటే మామూలు కాన్పుల అనుభవము. అది గొప్పదే. కాని అర్ధరాత్రి రెండు గంటలకు భుజము చిక్కుకున్నప్పుడు ఆ అనుభవము ఆమెతో ఏమంటుంది? లాగమంటుంది. మామూలుగా తల వచ్చాక కొద్దిగా ఆసరా ఇస్తే బిడ్డ వచ్చేస్తుంది కదా! ఇక్కడ లాగితే మెడ దగ్గర నరాలు తెగి బిడ్డ చేయి జీవితాంతము వేలాడిపోవచ్చు. వెంట వచ్చిన పెద్దమ్మలు "పైనుంచి పొట్ట అదమండి" అంటారు. అదీ తప్పే. పైనుంచి అదిమేకొద్దీ భుజము ఎముకకు ఇంకా గట్టిగా బిగుసుకుంటుంది. చేయవలసినది వేరు. తల్లిని వెల్లకిలా పడుకోబెట్టి, రెండు వైపులా ఇద్దరు నిలబడి ఆమె తొడలను పొట్టవైపుకు బాగా మడిచి పట్టుకోవాలి. ఇంకొకరు పొత్తికడుపు కింద, ఎముకకు కాస్త పైన, పక్కనుంచి అదమాలి. చాలామందికి దీనితోనే బిడ్డ వచ్చేస్తుంది. రాకపోతే తరువాతి పద్ధతులు ఉన్నాయి. అన్నిటికీ కలిపి చేతిలో ఉండేవి కొద్ది నిమిషాలు. పుస్తకము తీసి చదువుకొనే వేళ కాదు.

ఇందులో ఎంతమంది కావాలో లెక్కపెట్టారా? కాళ్లు పట్టుకోవడానికి ఇద్దరు, అదమడానికి ఒకరు, బిడ్డను అందుకోవడానికి ఒకరు, డాక్టరుకు ఫోను చేసి సమయము చెబుతూ ఉండడానికి ఇంకొకరు. మన పి.హెచ్.సి.లో రాత్రిపూట ఉండేది ఒక సిస్టరు, ఒక ఆయమ్మ, గేటు దగ్గర వాచ్‌మను. తల్లితో వచ్చిన ఆశా వర్కరు ఉంటే ఉంటుంది. కాబట్టి ఆయమ్మకూ తెలియాలి, ఆశా వర్కరుకూ తెలియాలి. ఒక్క సిస్టరమ్మకు తెలిస్తే సరిపోదు.

క్రిస్మసు నాటకము సంగతి ఆలోచించండి. పదిహేను నిమిషాల నాటకానికి మన పిల్లలు నెల రోజులు రోజూ సాయంత్రము గుడిలో సాధన చేస్తారు. యోసేపు పాత్రవానికి మాటలన్నీ వచ్చు, మరియమ్మ పాత్ర అమ్మాయికీ వచ్చు. అయినా ఇద్దరినీ కలిపి నిలబెడితే మొదటి రోజు ఒకరినొకరు గుద్దుకుంటారు. గొల్లవారు దేవదూతకంటే ముందే వచ్చేస్తారు. ఎవరి మాట వారికి రావడము ఒకటి, అందరూ కలిసి ఒకటిగా కదలడము మరొకటి. నాటకములో తప్పు దొర్లితే జనము నవ్వి ఊరుకుంటారు. ప్రసవగదిలో అలా కాదు.

బొమ్మతో నేర్పడము నిన్న మొన్న పుట్టిన వింత కాదు. ఫ్రాన్సు దేశములో అంజెలిక్ దు కుద్రే అనే మంత్రసాని ఉండేది. 1759లో పదిహేనవ లూయీ రాజు ఆమెకు దేశమంతా తిరిగి పల్లె మంత్రసానులకు నేర్పడానికి అనుమతి పత్రము ఇచ్చాడు. ఆమె గుడ్డ, తోలు, దూది పెట్టి కుట్టించిన తల్లి బొమ్మను, బిడ్డ బొమ్మను బండిలో వేసుకొని ఊరూరా తిరిగింది. చదువు రాని వేలమంది స్త్రీలు ఆ గుడ్డబొమ్మ మీద చేతులు పెట్టి నేర్చుకున్నారు. అడ్డము తిరిగిన బిడ్డను ఎలా తిప్పాలో, మాయ ఎలా తీయాలో చేతికి తెలిసేలా నేర్పింది ఆమె. ఆ బొమ్మల్లో ఒకటి రువాన్ నగరము మ్యూజియములో ఇప్పటికీ ఉంది.

మన బైబిలులోనూ అలాంటి చేయి ఒకటి కనిపిస్తుంది. ఆదికాండము 38లో తామారు కవలలను కనే వేళ ఒక బిడ్డ చేయి ముందుగా బయటికి వచ్చింది. ఏ కాలములోనైనా అది భయపెట్టే సంగతే. ఆ మంత్రసాని కంగారుపడలేదు, చేతిని పట్టి లాగలేదు. ఎఱ్ఱ నూలు కట్టింది. పెరెసు, జెరహు ఇద్దరూ బ్రతికారు. మనము జెరహు గురించి, పెరెసు వంశము గురించి ప్రసంగాలు చేస్తాము గాని, ఆ నూలు ఆమె చేతికి అందేంత దగ్గరలో సిద్ధముగా ఉందన్న సంగతి మీద ప్రసంగము నేను ఎక్కడా వినలేదు.

ఇప్పటి సాధన ఎలా జరుగుతుందో చెబుతాను. నార్వే దేశపు లేర్డాల్ సంస్థ చేసిన మామా నాటలీ అనే బొమ్మ ఒకటుంది. దానిని నేర్పే ఆమె తన నడుముకు కట్టుకొని మంచము మీద తల్లిలా కూర్చుంటుంది. బిడ్డ బొమ్మను లోపలినుంచి ఆమే తన చేతులతో నడిపిస్తుంది. ఎర్రనీళ్ల సంచి ఒకటి ఉంటుంది. మూత తిప్పితే రక్తములా కారుతుంది. ఆమె తల్లిలాగే అరుస్తుంది, "సిస్టరూ, కళ్లు తిరుగుతున్నాయి" అంటుంది. నేర్చుకొనేవారు నిజముగా ఇంజెక్షను తీయాలి, నిజముగా పొట్ట తడిమి గర్భసంచి గట్టిపడిందో లేదో చూడాలి, నిజముగా ఫోను దగ్గరకు పరుగెత్తాలి. "ఎవరైనా కాళ్లు పట్టుకోండి" అంటే గదిలో అందరూ ఒకరి ముఖము ఒకరు చూస్తారు. "ఆయమ్మా, నువ్వు కుడికాలు పట్టుకో" అంటేనే పని జరుగుతుంది. ఇంత చిన్న సంగతి కూడా చేసి చూస్తేనే తెలుస్తుంది.

అయిపోయాక అందరూ గుండ్రముగా కూర్చుంటారు. ఏది బాగా జరిగింది, ఏది ఆలస్యమైంది అని మాట్లాడుకుంటారు. ఎవరినీ తిట్టకూడదన్నది అక్కడ నియమము. నా దృష్టిలో శిక్షణకు ప్రాణము ఈ చివరి అరగంటే. ఇలా మాట్లాడుకున్నప్పుడు బయటపడే లోపాలు చాలామట్టుకు చదువుకు సంబంధించినవి కావు. మందుల బీరువా తాళపుచెవి పగటి డ్యూటీ సిస్టరు హ్యాండుబ్యాగులో ఇంటికి వెళ్లిపోయింది. ఆక్సిజను సిలిండరు నిండుగా ఉంది, తిప్పే కీ లేదు. తల్లి బొమ్మ కాబట్టి సరిపోయింది.

దీనివల్ల మేలు జరిగినట్టు రుజువు ఉందా అని అడిగేవారు ఉంటారు, అడగాలి కూడా. ఇంగ్లండులో బ్రిస్టల్ నగరములోని సౌత్‌మీడ్ ఆసుపత్రివారు 2000లో డాక్టర్లను, మిడ్‌వైఫ్‌లను అందరినీ ఏటా ఒకచోట కూర్చి ఇలాంటి సాధన చేయించడము మొదలుపెట్టారు. అంతకుముందు భుజము చిక్కుకున్న కాన్పుల్లో 100కు 9 మందికి పైగా బిడ్డలకు గాయమయ్యేది. శిక్షణ తరువాత అది రెండుకు కొంచెము పైన నిలిచింది. 2008లో ఆ లెక్కలు ప్రచురించారు. ఆపద రావడము తగ్గలేదు, వచ్చినప్పుడు బిడ్డకు దెబ్బ తగలడము తగ్గింది.

అలాగని బొమ్మ కొని తెస్తే చాలదు. అదే శిక్షణను స్కాట్లాండులో 12 ఆసుపత్రులకు విస్తరించి చూస్తే, ఫలితాల్లో ఆశించిన మేలు కనిపించలేదు. కొన్నిచోట్ల సాధన గట్టిగా సాగింది, కొన్నిచోట్ల అంతగా సాగలేదు. ఏటా విడువకుండా, తమ గదిలో, తమ మనుషులతో చేసినచోట ఒక ఫలితము. పైనుంచి వచ్చిన ఆజ్ఞ కాబట్టి చేసినచోట మరొకటి అని నేను అర్థము చేసుకున్నాను. సండే స్కూలు నడిపినవారికి ఈ తేడా వేరే చెప్పనక్కరలేదు.

మన దేశములోనూ ఈ పని మొదలై చాలా కాలమైంది. పుట్టిన బిడ్డ ఏడవకపోతే మొదటి నిమిషములోనే సంచి, మాస్కుతో ఊపిరి అందించడము నేర్పే నవజాత శిశు సురక్షా కార్యక్రమము 2009లో వచ్చింది. ప్రసవగది సిబ్బందికి చేతిపని నేర్పే దక్షత 2015లో, ప్రసవగదుల నాణ్యత పెంచే లక్ష్య 2017లో వచ్చాయి. బీహారులో ఇంకొక మంచి పద్ధతి పాటించారు. నర్సులను పట్టణానికి పిలవకుండా, నేర్పే నర్సులే పి.హెచ్.సి.లకు వెళ్లి వారి ప్రసవగదిలోనే సాధన చేయించారు. అక్కడ బొమ్మకు బదులు ప్రత్యేకముగా కుట్టిన పంట్లాము ఒకటి వాడారు. దానిని తొడుక్కున్న ఒక స్త్రీ గర్భిణిలా నటిస్తుంది. బిడ్డ బొమ్మ దానిలోంచి పుడుతుంది. నర్సు వాళ్ల గదిలోనే, వాళ్ల బీరువాతోనే, వాళ్ల ఆయమ్మతోనే సాధన! మా సంఘపెద్ద అడిగిన ప్రశ్నకు నిజమైన జవాబు ఇదే అనుకుంటాను. కోడలిని తీసుకొని వెళ్లిన రోజు సిస్టరమ్మ అక్కడే ఉండేది.

హైదరాబాదులో 1948లో మొదలైన ఫెర్నాండెజ్ ఆసుపత్రి 2011 నుంచి నర్సులను మిడ్‌వైఫ్‌లుగా తీర్చిదిద్దుతోంది. 2017లో తెలంగాణ ప్రభుత్వము, యునిసెఫ్ వారితో కలిసి ప్రభుత్వ నర్సులకు పద్దెనిమిది నెలల శిక్షణ మొదలుపెట్టింది. పద్దెనిమిది నెలలు! కాన్పు చేయడము వచ్చిన నర్సులకే అంత కాలము పట్టింది.

ఇక మన పడమటి ప్రకాశము సంగతి. మార్కాపురమునుంచి ఒంగోలు పెద్దాసుపత్రికి దాదాపు 100 కిలోమీటర్లు. గిద్దలూరువారు నంద్యాల వెళ్లాలంటే నల్లమల అడవి దాటాలి. యర్రగొండపాలెము, దోర్నాల అంచు గూడేలలోని చెంచు స్త్రీలకు మార్కాపురమే దూరము. 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సు వచ్చాక చాలా ప్రాణాలు నిలిచాయి, అది కాదనలేము. కాని అంబులెన్సు ఎంత వేగముగా వెళ్లినా బొడ్డుతాడు జారిన బిడ్డకు గంటన్నర ఎక్కడిది? పెద్దాసుపత్రి చేరేదాకా ప్రాణము నిలపవలసినది దగ్గరలో ఉన్న చేతులే. తాడు జారినప్పుడు బిడ్డ తల తాడును నొక్కకుండా తల్లిని మోకాళ్ల మీద బోర్లా వంచి, లోపలినుంచి తలను చేతితో పైకి ఎత్తి పట్టి ఉంచాలి. అంబులెన్సులోనూ తలను అలా ఎత్తి పట్టే తీసుకొనిపోవాలి. మన ఘాటు రోడ్డు మలుపుల్లో అది ఎంత కష్టమో ఊహించండి. గుర్రపువాతము వచ్చిన తల్లికి మెగ్నీషియం సల్ఫేటు మొదటి మోతాదు ఇక్కడే ఇచ్చి పంపాలి. రాహేలు ఎఫ్రాతా దారిలో ప్రసవించి ఆ దారిలోనే చనిపోయింది. మన జిల్లా దారుల్లోనూ రాహేలులు ఉన్నారు.

2001-03 నాటికి అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష సజీవ జననాలకు 195 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో అది 45కు దిగింది. 2019-21 సర్వే ప్రకారము మన రాష్ట్రములో 100కు 96 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. ఇంటినుంచి ఆసుపత్రికి తీసుకురావడము వరకు మనము గెలిచాము. మిగిలిన 45ను తగ్గించడము అంత తేలిక కాదు. వారు ఆసుపత్రి గుమ్మము దాటి లోపలికి వచ్చాక ఉన్నట్టుండి ఆపదలో పడేవారు.

అన్నిటిలో ఎక్కువ ప్రాణాలు తీసేది కాన్పు తరువాత రక్తస్రావము. నిండు గర్భిణి గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తము ప్రవహిస్తుంది. మాయ పడ్డాక గర్భసంచి ముడుచుకోకపోతే ఎంత త్వరగా ప్రమాదము ముంచుకొస్తుందో చూడండి. అందులోనూ మన రాష్ట్ర స్త్రీలలో సగముకంటే ఎక్కువమందికి రక్తహీనత ఉంది. పోయిన రక్తాన్ని కంటితో చూసి అంచనా వేస్తే ఎప్పుడూ తక్కువే అనిపిస్తుంది, గుడ్డల్లోకి ఇంకిపోతుంది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియా దేశాల్లో 80 ఆసుపత్రుల్లో తల్లి కింద కొలత గీతలున్న ప్లాస్టిక్ సంచి పరచి, గీత దాటగానే చేయవలసిన పనులన్నీ ఒకేసారి చేసేలా సిబ్బందికి సాధన చేయించారు. గర్భసంచి మర్దన, ఆక్సిటోసిన్, ట్రానెక్సామిక్ ఆమ్లము, సెలైను, పరీక్ష అన్నీ వెంటవెంటనే. 2023లో ఫలితాలు వచ్చాయి. తీవ్రమైన రక్తస్రావము, దానివల్ల ఆపరేషను లేదా మరణము అన్నీ కలిపి 100 వచ్చేచోట 40కి తగ్గాయి. ఆ మందుల్లో కొత్తది ఏదీ లేదు. క్రమము కొత్తది, సాధన కొత్తది.

కాపరిగా నన్ను రాత్రిపూట ఆసుపత్రికి పిలుస్తారు. వెళ్తాను, వరండాలో నిలబడి ప్రార్థన చేస్తాను. కాని ప్రసవగది లోపలికి పదిమందితో వెళ్లి ప్రార్థన చేయమని అడిగితే వద్దంటాను. ఆ గదిలో కాళ్లు పట్టుకొనేవారికి చోటు కావాలి. "త్వరగా లాగండి" అని తలుపు బాదవద్దు. సిస్టరు మోకాళ్లు పొట్టకు మడవమన్నప్పుడు "మా పిల్లను హింస పెడుతున్నారు" అని కేకలు వేయవద్దు. ఆపద దాటలేకపోయిన రాత్రి సిబ్బంది మీద చేయి చేసుకొన్న కుటుంబాల సంగతి మీరూ వినే ఉంటారు. దాని తరువాత ఆ సిస్టరు ఏం చేస్తుంది? కొంచెము అనుమానము ఉన్న ప్రతి తల్లినీ ముట్టుకోకుండా ఒంగోలుకు పంపేస్తుంది. దారిలో ఏమవుతుందో ఇప్పుడే చెప్పాను.

కుటుంబమూ ఒకసారి సాధన చేయవచ్చు. తొమ్మిదో నెల రాగానే ఒక సాయంత్రము అందరూ కూర్చోండి. నొప్పులు రాత్రి ఒంటిగంటకు వచ్చాయనుకోండి. 108కు ఫోను చేసేది ఎవరు? మీ ఇంటి దగ్గర సిగ్నలు ఏ మూల అందుతుంది? బండి సందులోకి రాకపోతే ఎక్కడ ఆగాలి, అక్కడికి మంచము మోసేది ఎవరు? తల్లి కార్డు ఏ పెట్టెలో ఉంది? ఆమె రక్తము ఏ గ్రూపు, ఇవ్వగల ఇద్దరు ఎవరు, ఆ రాత్రి వారు ఊళ్లో ఉంటారా? దగ్గరలో రక్తనిధి ఏ ఊళ్లో ఉంది? మా సంఘపెద్ద ఇంట్లో ఇలా కూర్చుంటే తేలిందేమిటంటే, రక్తము ఇస్తానన్న చిన్నకొడుకు మిరపకోతలకు గుంటూరు వైపు వెళ్లిపోతున్నాడు. వెంటనే ఇంకొకరిని మాట్లాడుకున్నారు.

స్త్రీల సమాజమువారికి ఒక పని చెప్పి ముగిస్తాను. కొన్న బొమ్మలు ఖరీదైనవి, ప్రతి పి.హెచ్.సి.కి అందవు. దు కుద్రే బొమ్మ గుడ్డదే కదా! మీలో కుట్టుమిషను ఉన్నవారు ముందుగా మీ ఆసుపత్రి సిస్టరమ్మను కలిసి ఆమెకు ఏ కొలతలో కావాలో అడగండి. బిడ్డ బొమ్మకు గట్టి గాడా గుడ్డ, లోపల దూది, బియ్యము కలిపి మూడు కిలోల బరువు వచ్చేలా నింపాలి. తల గట్టిగా ఉండాలి, మెడ వదులుగా ఉండాలి, భుజాలు వెడల్పుగా ఉండాలి. మాయకు ఎర్ర గుడ్డ రెండు పొరలు, అన్నము తినే చిన్న పళ్లెమంత గుండ్రముగా. బొడ్డుతాడుకు మెలిపెట్టిన తెల్లగుడ్డ, సుమారు మూరెడు పొడుగు. మాయకు తాడును గుండీతో బిగిస్తే ఊడదీసి ఉతుక్కోవడానికి వీలుగా ఉంటుంది. కంభములో టైలరింగు నేర్పే ఒక సహోదరి మొదటిది కుట్టి ఇస్తానన్నారు. కావలసినవారు సంఘము ద్వారా కబురు పంపితే నమూనా కాగితము కత్తిరించి ఇస్తారు.